చెన్నపురి హింసావిచారణ

నేను మాటలాడుచున్న ఈ విశాఖపట్టణమునకు నేడు ఓడరేవును, ఉక్కు కర్మాగారమును వన్నె తెచ్చినవి. 1850 ప్రాంతమున ఇది చెన్నపురి రాజధానిలోని ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ రాజధానియందు పన్ను బకాయిపడిన రైతును, దొంగతనము మోపబడిన పేదవానిని సర్కారు కొలువుకాండ్రు హింసించుచుండిరి. చేతివ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కుదురు. దీనికి కిట్టి యని పేరు. నడుము వంచి కట్టివేయుదురు; ఎండలో నిలువబెట్టుదురు. మొర యెవరితో చెప్పుకొనవలెను? పన్ను వసూలుచేయు తహశ్శీల్దారే పోలీసునకును అధికారి.

ఆ మొరను సముద్రము దాటించినవాడు గాజుల లక్ష్మీనరసుసెట్టి అను తెలుగు వర్తకుడు. ఆయన 1844లో క్రెసెంటు పత్రికను నెలకొల్పెను. 1852లో చెన్నపట్టణ స్వదేశీయ సంఘమును స్థాపించి, ఇంగ్లండు పార్లమెంటునకు మహజరు పంపించెను. 1853లో డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు రాగా, రైతుల బాధలను ఆయనకు కన్నులార చూపించెను. మరుసటి యేట ఆ సంగతి పార్లమెంటున చర్చకు వచ్చెను.

అంతట ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురితో విచారణసంఘ మేర్పడెను. దానికి 1,959 ఫిర్యాదులు చేరినవి. హింస నిజమేయని 1855లో వారు నివేదించిరి. అయితే తప్పంతయు దేశీయోద్యోగులపై మోపి, దొరలను తప్పించిరి. అది ఆ నివేదికకు మచ్చ. అయినను ఫలము లేకపోలేదు. 1859లో పోలీసుశాఖ రెవిన్యూనుండి వేరైనది. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షను, నేరము ఒప్పించుటకు గాని, పన్ను రాబట్టుటకు గాని హింసించినవానికి ఏడేండ్లవరకు శిక్ష విధించెను. నేటి భారతీయ న్యాయసంహితలో అది 120వ సెక్షనుగా నిలిచియున్నది.

లక్ష్మీనరసుసెట్టి తన ధనమును ప్రజాకార్యములకే వెచ్చించి, 1868లో పేదవాడై గతించెను. మొర వినిపించుటకు ధైర్యముతోపాటు ధనమును కావలెను. గాయమునకు వైద్యము, వాదమునకు వకీలు ఊరకే లభింపవు గదా! నాడు ఒక వర్తకుడు మోసిన భారమునకై ఐక్యరాజ్యసమితి 1981లో ఒక నిధి నేర్పరచెను. దేశములును, వ్యక్తులును స్వచ్ఛందముగ ఇచ్చు ధనముతో, హింసితులకు వైద్యమును, న్యాయసహాయమును చేయు సంస్థలకు అది తోడ్పడుచున్నది. హింసానిషేధపు ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది. ధ్రువీకరణ మాత్రము ఇంకను జరుగలేదు.

పెద్దలారా! నాటి విచారణకు బలమిచ్చినవి ఊళ్లనుండి వచ్చిన ఫిర్యాదులే. మీ యూరివానికి అట్టి ఆపద వచ్చినచో, తేదీని, వేళను, చూచినవారి పేర్లను వెంటనే వ్రాసి యుంచుడు. ఆ కాగితమే వానికి మొదటి రక్ష.