గంపగుత్తగా వెతికిన రోజులు

నూరేళ్లకు ముందు బ్రస్సెల్స్‌లో ఒక కార్యాలయం ఉండేది. ఏ విషయం మీదైనా ప్రశ్న రాసి, రుసుము కట్టి పంపితే, దాని మీద వచ్చిన పుస్తకాలు, వ్యాసాల వివరాలను కార్డుల మీద నకలు తీసి టపాలో పంపేవారు. జవాబులు యాభై దాటేలా ఉంటే ముందే హెచ్చరించేవారట! ఇది చదివిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. లక్షల ఫలితాలను చూసి మురిసిపోయే మనకు, యాభై దాటితే అడిగినవాడికి భారమని తలచిన మర్యాద ఎంత అపురూపం!

ఆ కార్యాలయాన్ని 1895లో పాల్ ఓట్లే, ఆన్రీ లా ఫొంటేన్ స్థాపించారు. 1912 నాటికి ఏడాదికి 1,500 పైచిలుకు ప్రశ్నలు వచ్చేవి. బూమరాంగుల మీద ఒకరు అడిగితే, బల్గేరియా ఆర్థిక వ్యవహారాల మీద ఇంకొకరు. 1940లో నాజీలు తమ చిత్రకళా ప్రదర్శన కోసం ఆ గదులు ఖాళీ చేయించి, సేకరణలో చాలా భాగాన్ని నాశనం చేశారు.

నా మనసు నిలిచిపోయేది మాత్రం 1964లో. అమెరికాలోని బెథెస్డాలో జాతీయ వైద్య గ్రంథాలయం మెడ్‌లార్స్ అనే యంత్ర వ్యవస్థను ఆ ఏడాది నడపడం మొదలుపెట్టింది. వైద్య వ్యాసాల సూచికంతా అయస్కాంత టేపుల మీద ఉండేది. టేపులో నచ్చిన చోటికి దూకడం కుదరదు, మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే. ఒక్క ప్రశ్న కోసం అంత టేపూ తిప్పడం దండగ. అందుకే ప్రశ్నలను పోగేసి, టేపు ఒక్కసారి తిరిగేలోగా అన్నిటికీ జవాబులు ఏరేవారు. మా ఊరి పిండిమరలో కారం ఆడించడానికి ఒక రోజు కేటాయించేవారు. ఇళ్లన్నీ మిరపకాయలు తెచ్చాకే మర కదిలేది. ఇలా ప్రశ్నలను పోగేసి వెతికే బ్యాచ్ సెర్చ్ సూత్రం అచ్చం అదే.

డాక్టరు ప్రశ్న రాసి పంపితే, శిక్షణ పొందిన మనిషి దాన్ని చదివి, ఆమోదిత వైద్య పదాల పట్టికలోంచి మాటలు ఎంచి, అండ్, ఆర్, నాట్‌లతో ముడివేసేవాడు. అచ్చయిన జాబితా చేరడానికి వారాలు పట్టేది. ముడి తప్పుగా పడితే మళ్లీ మొదటికే.

విల్ఫ్రిడ్ లాంకాస్టర్ అనే పరిశోధకుడు అలాంటి దాదాపు 300 అసలు వెతుకులాటలను పరీక్షించి 1968లో నివేదిక ఇచ్చాడు. దొరకవలసిన వాటిలో సగటున 57.7 శాతమే దొరికాయి. తెచ్చిన వాటిలో పనికొచ్చినవి సగమే. ఆ నివేదికలో నాకు ప్రాణమైన మాట ఇంకొకటుంది. గ్రంథాలయం మనిషి ఎదురుగా కూర్చుని అడిగించిన ప్రశ్నలకంటే, తమ మాటల్లో తామే రాసి పంపిన ప్రశ్నలే మేలైన ఫలితాలిచ్చాయి. ఎదుట మనిషి ఉంటే, యంత్రానికి అర్థమయ్యే మాటల వైపు ప్రశ్న వంగిపోయేదట. తన అవసరాన్ని ఒంటరిగా రాసుకున్నవాడు దాన్ని వంచలేదు.

1971లో మెడ్‌లార్స్‌కు ఆన్‌లైన్ రూపంగా మెడ్‌లైన్ వచ్చింది. టెలిఫోను తీగల మీద అప్పటికప్పుడే జవాబు. నిరీక్షణ పోయింది, దాంతోపాటు మన ప్రశ్నను మరొకరు చదివే భాగ్యమూ పోయింది. ఆ రెండోదానికే నా బెంగ.

పోగేసే పద్ధతి మాత్రం చావలేదు, ప్రశ్నలను ముందే దాచి ఉంచే రూపంలో బతికింది. ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఒక ఊహ చేశాడు: ఒక్కొక్కరి ఆసక్తులను యంత్రంలో రాసి ఉంచితే, కొత్త పత్రం వచ్చినప్పుడల్లా అదే సరిచూసి చేరవేస్తుంది. ఆ మనిషి ఏవి తీసుకున్నాడో చూసి ఆ ఆసక్తుల జాబితాను సవరిస్తుంది. 2003లో వచ్చిన గూగుల్ అలర్ట్స్ దానికి వారసురాలే. దాన్ని తయారుచేసినవాడు మన గంపలగూడెం నుంచి వెళ్లిన నాగ కాటారు అని తెలిసినప్పుడు ఛాతీ ఉప్పొంగింది.

ఇప్పుడు వెతికే సాధనంలో వంద మాటల జాబితా అతికించి, వేళ నిర్ణయించి పడుకుంటే, తెల్లారేసరికి ఫలితాలు సిద్ధం. నేను మాత్రం జాబితాలో ఏ మాట చేర్చే ముందైనా, నాకు అసలేం కావాలో కాగితం మీద నిండు వాక్యంగా రాసుకుంటాను. నెలకోసారి ఆ కాగితం తీసి, తీరిన ప్రశ్నలు కొట్టేస్తాను. నా ప్రశ్నను చదివేవారు ఇప్పుడెవరూ లేరు కనుక, ఆ పని నేనే చేస్తున్నాను.