పోచారం ఎగువన మన అడవి

తాడ్వాయి, లింగంపేట, గాంధారి వైపు పడ్డ వాన పెద్దవాగులో కలిసి పోచారం ప్రాజెక్టుకు చేరుతుంది. అలుగు పారితే మంజీరలోకి, అక్కడి నుంచి నిజాంసాగర్‌కు పోతుంది. మన తండాలు చాలా వరకు ఈ నీటి దారికి ఎగువన, అడవి అంచున ఉన్నాయి. ఈ నేల చరిత్రలో మన పేరు ఎక్కువగా నేరం మోపేటప్పుడే వినబడుతుంది కాబట్టి దాన్ని మనమూ రాసుకోవాలి.

బడి పుస్తకంలో నిర్జీవ కారకాలు, జీవ కారకాలు అని రెండు జాబితాలుంటాయి. అడవిలో అవి విడిగా కనబడవు. ఇక్కడ అడుగున ఉన్నది గ్రానైట్ జాతి రాయి. అది లెక్కలేనన్ని ఏండ్లు ఎండకు పగిలి, వానకు అరిగి ఎర్ర చల్క అయింది. చల్కలో నీరు ఎక్కువ రోజులు నిలవదు. వాన చూస్తే నాలుగు నెలలే. అందుకే ఎండకాలం ముందే ఆకు రాల్చి నీరు పొదుపు చేసుకునే టేకు, నల్లమద్ది, తునికి, మోదుగు, ఇప్ప ఇక్కడ నిలదొక్కుకున్నాయి. రాలిన ఆకును చెదలు మట్టిలో కలిపాయి. వేర్లు రాతి పగుళ్లలోకి దిగి వాననీటికి దారి చేశాయి. అలా చెట్ల వల్ల నేల కూడా మారింది.

తరువాత పశువులొచ్చాయి. మన లంబాడీ పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన వ్యాపారులు. రైలు, రోడ్డు వచ్చి ఆ బేరం పోయాక మందలతో అడవి అంచున స్థిరపడ్డారు. మంద మేసిన చోట గడ్డి తగ్గింది, పేడ పడ్డ చోట విత్తనం మొలిచింది. నరికినా, కాలినా తునికి, మోదుగు వేరు నుంచి మళ్లీ చిగురిస్తాయి. అవి అంత విరివిగా కనబడటానికి ఇదొక కారణం.

నిజాం కాలంలో, 1922 నాటికి, పోచారం కట్ట పూర్తయింది. వాగు లోయ జలాశయమైంది. చేపలొచ్చాయి, చలికాలం వలస పక్షులొచ్చాయి. నిజాం వేట అడవి 1952లో అభయారణ్యమైంది. కట్టినప్పుడు 2.423 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 1.82 టీఎంసీలే పడుతుంది. మిగతాది పూడిక.

ఆ పూడికంతా పోడు వల్లే అనడం సులువు. పోడు కోసం చెట్టు కొట్టిన చోట మట్టి కదిలింది, కాదనలేం. కానీ కలప కోసం కొట్టిన చోట, రోడ్డు తవ్విన చోట, మైదానంలో దున్నిన ప్రతి చెలకలో కూడా కదిలింది. నిజాంసాగర్ కథా అంతే: 29.7 టీఎంసీలతో మొదలై ఇప్పుడు 17.8 దగ్గర ఉంది. మంజీర దానికి మట్టి తెచ్చేది మూడు రాష్ట్రాల నేల నుంచి.

2025 ఆగస్టు చివర రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వందేళ్లు దాటిన పోచారం కట్ట నిలబడింది, దాని పక్క మట్టి మాత్రం కోసుకుపోయింది. ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలను వానకాలంలో వాగు దగ్గరికి తీసుకెళ్లి, అడవిలోంచి వచ్చే పాయ నీటిని, దున్నిన చెలకల్లోంచి వచ్చే పాయ నీటిని రెండు గాజు సీసాల్లో పట్టించి, తెల్లారేదాకా కదపకుండా ఉంచి, అడుగున ఎంత మట్టి దిగిందో కొలిపించవచ్చు.