సేల్స్‌ఫోర్స్‌లో అన్వేషణ భాషలు

'''సేల్స్‌ఫోర్స్''' 1999లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్థాపించబడిన సంస్థ. దీని వినియోగదారు సంబంధాల నిర్వహణ (సీఆర్ఎం) సాఫ్టువేరులో సమాచారాన్ని వెతకడానికి ప్రోగ్రామర్లు రెండు భాషలను ఉపయోగిస్తారు.

* '''ఎస్ఓక్యూఎల్''': వెతకవలసిన పట్టిక ముందే తెలిసినపుడు ఇది అనువైనది. ఆ పట్టికతో పాటు దానికి సంబంధించిన పట్టికల నుండి కూడా రికార్డులను తెస్తుంది, వాటిని లెక్కించగలదు.
* '''ఎస్ఓఎస్ఎల్''': ఒక పేరు పరిచయాలలో ఉన్నదో, లీడ్లలో ఉన్నదో తెలియనపుడు ఇది ఉపయోగపడుతుంది. పదసూచిక సహాయంతో పలు పట్టికలను ఒకేసారి శోధిస్తుంది. ఒక అన్వేషణలో గరిష్ఠంగా 2,000 రికార్డులు లభిస్తాయి.

== ముఖ్యమైన భేదం ==
కొత్తగా చేర్చిన రికార్డు పదసూచికలో చేరేవరకు ఎస్ఓఎస్ఎల్‌కు దొరకదు. దొరకలేదని అదే వినియోగదారును మరల నమోదు చేస్తే నకలు రికార్డు ఏర్పడి, ఒకే వ్యక్తి వివరాలు రెండుచోట్ల చీలిపోతాయి. కావున అప్పుడే చేర్చిన రికార్డులను సరిచూడడానికి ఎస్ఓక్యూఎల్ తగినది.