గ్రాంటు వైద్యకళాశాలలో ఒక గది

1896వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, బొంబాయి రేవును ఆనుకొనియున్న మాండ్వీ పేటలో, ధాన్యపు కొట్లతోను ఎలుకలతోను నిండిన ఇరుకు సందులలో, తీవ్రజ్వరముచేతను గజ్జలలో కట్టిన బిళ్లల బాధచేతను జనులు వరుసగా మరణించుచుండగా, అకాసియో వియేగస్ అను గోవా వైద్యుడు రోగులను స్వయముగా పరీక్షించి, ఇది ప్లేగే యని నిశ్చయించి ప్రకటించెను. చీనాదేశపు యునాను ప్రాంతమునుండి బయలుదేరి, కాంటను నగరమును పాడుచేసి, 1894లో హాంగుకాంగు చేరి, అచటినుండి ఓడలవెంట ప్రపంచపు రేవులకు ప్రాకుచుండిన ఆ మహమ్మారి మన పడమటితీరమున అడుగిడినదని లోకమునకు అప్పుడు తెలిసెను.

ఆనాటి విద్వాంసులకు ఏమి తెలియునో, ఏమి తెలియదో గుర్తుంచుకొననిదే ఈ చరిత్ర అర్థము కాదు. హాంగుకాంగులో యెర్సిన్, కిటసాతో అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా పరిశోధించి ప్లేగు క్రిమిని సూక్ష్మదర్శినిలో చూచి రెండేండ్లే అయినది. క్రిమి యేదో తెలిసెను గాని, అది ఒకరినుండి యొకరికి ఎట్లు సంక్రమించునో ఎవ్వరికిని తెలియదు. ఎలుకను విడిచిన గోమారియే మనుష్యుని కరచి వ్యాధి నంటించుచున్నదని సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీనుండి చెప్పినను, పెద్దలు చాలమంది ఆ మాట నమ్మలేదు. కావున బొంబాయి అధికారులు మురికియే కారణమని తలచి, ఇండ్లకు సున్నము కొట్టించిరి. కార్బాలికు ద్రావకమును కుంభవృష్టిగా కురిపించిరి. వెలుతురు సోకవలెనని పైకప్పు పెంకులు ఊడదీయించిరి. రోగుల గుడ్డలు, సామానులు తగులబెట్టించిరి. రోగిని కన్నవారినుండి వేరుచేసి బలవంతముగా ఆసుపత్రికి కొనిపోవుట అన్నిటికంటె ఘోరముగా తోచి, అక్టోబరులో మిల్లుకూలీలు వందలకొలది గుమిగూడి ఆర్థరు రోడ్డు ఆసుపత్రిపై పడిరి. కొలదినెలలలో నగరవాసులలో సగమునకు దగ్గరగా ఊరు విడిచి పారిపోయిరి. రైలుపెట్టెలలో వారితోపాటు ప్లేగును ప్రయాణము చేసెను.

బైకుల్లాకు దాపుననున్న కామాఠీపురా తెలంగాణమునుండి వలసపోయిన తెలుగు పనివాండ్ర పేరుతో ఏర్పడిన పేట. బొంబాయి మేడలకు రాళ్లు మోసి సున్నము కలిపిన చేతులవి. గ్రాంటు వైద్యకళాశాల వారి గుడిసెలకు నడిచిపోదగినంత సమీపముననే యుండెను గనుక, ఆ కళాశాలలో ఆ చలికాలమున జరిగిన పని మన తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు.

ఆ పనికై ప్రభుత్వము కలకత్తానుండి పిలిపించినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. 1860లో ఒడెస్సాలో యూదు కుటుంబమున జన్మించి, అచటి విశ్వవిద్యాలయమున మెచ్నికోఫ్ మహాశయునికి శిష్యుడై జంతుశాస్త్రము నభ్యసించి పట్టము పొందెను. యూదుడగుటచేత రష్యాదేశమున ఆచార్యపదవికి అర్హుడు కాకపోయెను. పారిసు చేరి, పాశ్చరు సంస్థలో గ్రంథాలయాధికారిగా కుదురుకొని, తీరికవేళల పరిశోధించి కలరాకు టీకామందును కనుగొని, 1892 జూలైలో దానిని మొదట తన శరీరములోనికే ఎక్కించుకొనెను. మరుసటి యేడు భారతదేశమునకు వచ్చి, కలకత్తా బస్తీలలో ఒకే యింట టీకా వేసికొనినవారికిని వేసికొననివారికిని కలరా ఎట్లు సోకుచున్నదో లెక్కలు వ్రాసియుంచెను. అతడు వైద్యపట్టభద్రుడు కాడు. సైనిక వైద్యశాఖలోని దొరలు అనేకులు అతనిని తమవానిగా పరిగణింపలేదు. ఈ సంగతి తరువాతి కథకు అవసరము.

కళాశాలవారు అతనికి చూపిన ప్రయోగశాల యొక గదియు దాని వసారాయును మాత్రమే. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. పగలు రాత్రి తేడా లేక సాగిన ఆ చాకిరిలో సహాయకులలో నొకనికి మతి చలించెను, ఇరువురు విడిచిపోయిరి. ఇంత కొరతలో మూడు నెలలు తిరుగకమునుపే మందు సిద్ధమగుట అద్భుతమే. కాని నాకు అంతకంటె విశేషముగా తోచునది ఆ మందు తయారైన విధానము. పారిసులో నేర్చిన విద్యను అతడు బొంబాయి వంటింటి పదార్థములతో సాధించెను.

క్రిములను పెంపవలెనన్న వానికి ఆహారముగా మాంసరసము కావలెను. యూరపులో ఇందుకు గోమాంసమును వాడుట వాడుక. అట్టి మందును హిందువు తన శరీరములోనికి రానీయడు. పందిమాంసమన్నచో మహమ్మదీయుడు రానీయడు. కనుక మేకమాంసమును హైడ్రోక్లోరికు ఆమ్లముతో జీర్ణింపజేసి రసము తీసిరి. ఆ రసమును విశాలమైన గాజుసీసాలలో పోసి, దానిమీద కొన్ని చుక్కలు నేయి వేసి, ప్లేగు క్రిమిని నాటి, కదలకుండ ఉంచిరి. మన గృహములలో నిత్యము వాడు నేయియే అది. నేతిచుక్కలు రసముపై తేలుచుండ, ఆ చుక్కల అడుగున క్రిమిసంతతి అంటుకొని, మర్రి ఊడలవలె తెల్లని తీగలై క్రిందికి దిగును. ప్లేగు క్రిమికి ఈ లక్షణము ప్రత్యేకమగుటచే, సీసాలో పెరుగుచున్నది నిజముగా ప్లేగేనా, మరియొక క్రిమి చొరబడినదా యనుటకు ఆ ఊడలే సాక్ష్యము. వానిని దించుటకై సీసాను మధ్యమధ్య ఊపుదురు. ఊడలు తెగి అడుగునకు చేరును. నేతి క్రింద మరల క్రొత్తవి పుట్టును. ఇట్లు సుమారు ఆరు వారములు జరిపి, సీసాను డెబ్బది డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున గంటసేపు వేడిచేసి క్రిములను చంపి, చెడకుండుటకు కార్బాలికు ఆమ్లమును కొంచెము చేర్చిన, టీకామందు సిద్ధము. చచ్చిన క్రిమి రోగము కలిగింపదు గాని, శరీరమునకు శత్రువు రూపమును ముందుగా ఎరుకపరచి, ఎదిరించు శక్తిని మేల్కొల్పును.

డిసెంబరు నాటికి కుందేళ్లలో ఫలితము కనబడెను. 1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ పది ఘనసెంటీమీటర్ల మందును, అనగా పిదప జనులకు వేసిన మోతాదుకు అనేకరెట్లు, సర్వేయర్ అను పార్సీ వైద్యునిచేత తనకే ఎక్కించుకొనెను. జ్వరము తీవ్రముగా వచ్చి, నొప్పితో చేయి కదలకపోయెను. అయినను పని మానలేదు. సంగతి వెల్లడియైన పిదప కళాశాల అధ్యాపకులు, పురప్రముఖులు కొందరు ముందుకువచ్చి టీకా వేయించుకొనిరి.

జనవరి నెలాఖరున బైకుల్లా కారాగారమున ప్లేగు పొడసూపెను. ఖయిదీలలో ఇష్టపడినవారికి టీకాలు వేసిరి. అందరును తినునది ఒకే తిండి, పండుకొనునది ఒకే కప్పు క్రింద. తరువాతి దినములలో టీకా లేనివారిలో 12 మందికి ప్లేగు వచ్చి 6 గురు మరణించిరి. టీకా పొందినవారిలో ఇద్దరికే వచ్చెను, ఇద్దరును బ్రతికిరి. సంకెలలో నున్నవాని ఇష్టము ఎంతవరకు ఇష్టమను ప్రశ్న నేడు మనకు తప్పక తోచును, తోచవలెను కూడ. ఆనాడు ఎవ్వరును దానిని గట్టిగా అడిగినట్లు కానరాదు.

మరుసటి సంవత్సరము బరోడా సంస్థానములోని ఉంధేరా గ్రామమున చేసిన పరీక్షను శాస్త్రదృష్టిచే అంతకంటె ఉత్తమముగా నేను భావింతును. హాఫ్‌కిన్ గ్రామస్థులనందరిని ఇంటివారీగా కూర్చుండబెట్టి, ఒక్కొక్క కుటుంబమున సుమారు సగముమందికి టీకా వేసెను. వేసికొనువారు ధనికులు, వేసికొననివారు దరిద్రులు; వీరు మేడలోనివారు, వారు గుడిసెలోనివారు అను ఆక్షేపణకు ఇక తావు లేదు. ప్లేగు ప్రవేశించిన 28 కుటుంబములలో టీకా పొందినవారు 71 మంది, పొందనివారు 64 మంది. మొదటివారిలో 8 మందికి వ్యాధి వచ్చి ముగ్గురు చనిపోయిరి; రెండవవారిలో 27 మందికి వచ్చి 26 మంది చనిపోయిరి. ఈ అంకెలు చదువునపుడెల్ల నా హృదయము ఆ 26 మందియొద్దకే పోవును. అన్నకు వేసి తమ్మునికి వేయక విడిచిన చేతికి ఆ లెక్క వ్రాయుట సులభముగా నుండియుండదు. కాని ఆ లెక్క లేనిచో, మంచి మందుకును మాటలతో అమ్ముడుపోవు మందుకును భేదము చూపగలవారు ఉండెడివారు కారు.

ఇంత చేసినను టీకా సంపూర్ణ కవచము కాదు. వేసికొనినవారికిని ప్లేగు రావచ్చును. ఎక్కించిన దినమున జ్వరము, బాధ తప్పవు. ఇది దాచకుండ చెప్పుటయే హాఫ్‌కిన్ పద్ధతి. బలవంతము కూడదనియు, ఇష్టపడివచ్చినవారికే వేయవలెననియు అతడు పట్టుపట్టెను. అదే కాలమున 1897 నాటి అంటువ్యాధుల శాసనము చేతబట్టి, పూనాలో సిపాయీలు ఇండ్లలో చొరబడి స్త్రీలను, దేవుని గదులను సైతము విడువక సోదా చేయుటయు, ఆ కసితో చాపేకర్ సోదరులు జూన్ 22వ తేదీ రాత్రి అచటి ప్లేగు అధికారియగు ర్యాండు దొరను కాల్చుటయు జరిగెను. ఆ పూనా ప్రాంతముననే, రోగులకు పరిచర్య చేయుచు సావిత్రీబాయి ఫూలే ఆ మార్చి నెలలో ప్లేగువాతబడి గతించెను. బొంబాయిలో ఇస్మాయిలీల మతగురువగు ఆగాఖాను స్వయముగా, బహిరంగముగా టీకా వేయించుకొని, తన భవనమును ప్రయోగశాలకు ఇచ్చెను. అతని మతస్థులు వేలకొలది వచ్చిరి. సైనికుని తుపాకి తేలేని జనమును ఒక పెద్దమనుష్యుడు చాచిన చేయి తెచ్చెను.

1899లో ప్రయోగశాల పరేలులోని పూర్వపు గవర్నరు భవనమునకు మారెను. గ్రాంటు కళాశాల వసారాలో మొదలైన పని, వందలకొలది సీసాలతో లక్షల మోతాదులు చేయు కార్ఖానాగా పెరిగెను. పంజాబునుండి వచ్చిన కోరిక అపారమగుటచే, త్వరగా మందు చేయుటకై హాఫ్‌కిన్ పద్ధతిని కొంత మార్చి, కార్బాలికు ఆమ్లమును విడిచి వేడినే నమ్ముకొనెను.

1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకాలు వేసిరి. వారిలో ఒకే సీసానుండి మందు పొందిన 19 మంది ధనుర్వాతము సోకి మరణించిరి. విచారణసంఘము పరేలులోనే దోషము జరిగినదని సూచించి, కార్బాలికు మానుటను తప్పుపట్టెను. హాఫ్‌కిన్ పదవినుండి తొలగింపబడి ఇంగ్లండు పోయెను. కాని గ్రామమున ఆ దినము జరిగిన దేమి? సీసా తెరచు పటకారు సహాయకుని చేతినుండి జారి నేలబడెను. దానిని అగ్నిలో కాల్చి శుద్ధిచేయక, ద్రావకములో ముంచితీసి, దానితోనే బిరడా లాగిరి. నేలమట్టిలో ధనుర్వాత క్రిమి సర్వసామాన్యము. సీసా పరేలునుండి వచ్చునప్పుడే చెడియున్నచో తెరువగనే దుర్వాసన కొట్టవలెను, కొట్టలేదు. ఈ సాక్ష్యము కాగితములలో ఉండియు, అయిదేండ్లవరకు అతనికి న్యాయము జరుగలేదు. వైద్యశాఖవాడు కానివానికి వైద్యశాఖవారు తీర్పు చెప్పినచో ఇట్లుండుట ఆశ్చర్యము కాదు గాని, క్షమింపదగినదియు కాదు. సికింద్రాబాదులో 1897లో దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు 1907లో లండను టైమ్సు పత్రికలో అతని పక్షమున వ్రాసిన పిమ్మటనే ప్రభుత్వము మెత్తబడి, అతనిని నిర్దోషిగా అంగీకరించి మరల పిలిచెను.

తిరిగివచ్చినవానికి ఇచ్చినది పరేలు కాదు, కలకత్తా. 1914లో ఉద్యోగము విరమించి యూరపు చేరి, 1930లో లొసాను నగరమున మరణించెను. ఈలోపల పరేలులో 1905 మొదలు పరిశోధకసంఘమొకటి కూర్చుండి, ప్లేగు ఇండ్లలో గినీపందులను పంజరములలో ఉంచి, గోమార్లు చేరగల పంజరములలోని జంతువులు చచ్చుటయు, చేరలేని పంజరములలోనివి బ్రతుకుటయు చూపి, కరాచీనుండి సిమోన్ చెప్పిన మాట నిజమని తేల్చెను. 1925లో పరేలు ప్రయోగశాలకు హాఫ్‌కిన్ పేరు పెట్టిరి. అప్పటికి అచటినుండి పోయిన ప్లేగు టీకా మోతాదులు రెండు కోట్లకు మించియుండెను. 1932లో సాహిబ్ సింగ్ సోఖే దానికి అధ్యక్షుడయ్యెను. అతని నాయకత్వమున 1940 ప్రాంతమున సల్ఫాథయజోల్ అను మందును ప్లేగు రోగులకిచ్చి, ఆ మందు లేని రోగుల గతితో సరిపోల్చి, ప్లేగు తగిలినవానిని సైతము బ్రతికింపవచ్చునని అచటి పరిశోధకులు నిరూపించిరి.