చాటలో తంబాకు, గదిలో గాలి

రాయికల్, కోరుట్ల వైపు ఊళ్లలో ఇంటి గాలి మాటెత్తితే ముందు గుర్తొచ్చేది పొయ్యి పొగ. కట్టెలు, పిడకలు మండినన్నాళ్లూ గూన పెంకుల సందుల్లోంచి కొంత పొగ బయటపడేది, మిగతాది దూలాలకు మసై పట్టేది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం అలాంటిదే ఉజ్వల పథకం తెచ్చింది. పొగ సంగతి ఆలస్యంగానైనా ప్రభుత్వాలు పట్టించుకున్నాయి.

బీడీల దుమ్ము సంగతి వేరు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో తరాలుగా ఆడవాళ్ల చేతికి నగదు తెచ్చిన పని బీడీలు చుట్టడం. తునికాకును నీళ్లలో తడిపి, గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచుతారు. మెత్తబడిన ఆకు మీద రేకు ముక్క పెట్టి, ఆ కొలతకు కత్తెరతో కోస్తారు. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, మొన మడిచి దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి చెయ్యి ఆగదు. ఫ్యాన్ వేస్తే తంబాకు లేచిపోతుందని ఎండాకాలంలోనూ ఆపేసి కూర్చుంటారు. చాలా ఇళ్లలో ఆ గదిలోనే తిండి, పిల్లల పడక. దుమ్ము ముక్కులోకి పోతుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. కార్ఖానలో శుభ్రత, వెలుతురు, గాలి ఎట్లా ఉండాలో అందులో రాశారు. అయితే కార్ఖాన అంటే ఏదో చెప్పే చోటే నివాస గృహాన్ని పక్కకు తీసేశారు. ఇంట్లో బీడీలు చుట్టే మనిషిని కార్మికురాలిగా ఒప్పుకున్న చట్టం, ఆమె కూర్చునే గదిని పనిచోటుగా ఒప్పుకోలేదు. ఇంత పెద్ద లోటు మరొకటి ఆ చట్టంలో లేదనిపిస్తుంది. కార్ఖాన నడిపితే ఖర్చు, తనిఖీలు. అందుకని దేశంలో చాలాచోట్ల యజమానులు పనిని ఇళ్లకే పంపారు. 1976లో బీడీలపై సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టారు. దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇల్లు కట్టుకోవడానికి సాయం దాని నుంచే వచ్చాయి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు పోయింది.

సిరిసిల్లలో చాలా పద్మశాలి కుటుంబాలది రెండు దుమ్ముల బతుకు. మగవాళ్లు సాంచెల (మరమగ్గాల) దగ్గర నూలు దుమ్ములో, ఆడవాళ్లు ఇంట్లో తంబాకు దుమ్ములో.

గల్ఫ్ డబ్బుతో ఈ ఊళ్లలో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు లేచాయి. వంటింట్లోకి గ్యాస్ వచ్చింది, పొగ తగ్గింది. కానీ గాలి తీసే పెంకుల సందులూ పోయాయి. కిటికీ మూసిన గదిలో దుమ్ము అక్కడే తిరుగుతుంది. వీలున్నవాళ్లు చాట పట్టుకుని అరుగు మీదికో వాకిట్లోకో వస్తారు. వాన పడితే మళ్లీ లోపలికే.

ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకూ తక్కిన కార్మికులతో సమానంగా ఆరోగ్య రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. భారత్ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.