పాత ఇంటర్‌ఫేస్‌లకు కొత్త కొలువు

1996లో జావా 1.0 వెలువడినప్పుడు అందులో ఫంక్షన్‌కు సొంత ఉనికి లేదు. ప్రతి మెథడ్ ఏదో ఒక క్లాసు నీడన ఉండవలసిందే. ఒక పనిని మరో మెథడ్‌కు అప్పగించాలంటే దాన్ని ఆబ్జెక్టులో పెట్టి పంపాలి. రన్నబుల్ ఇంటర్‌ఫేస్ అందుకు పుట్టినదే. దానిలో ఉన్నది రన్ అనే ఒక్క మెథడ్. మరుసటి ఏడు 1.1 వెర్షన్‌తో వచ్చిన పేరులేని క్లాసులు శ్రమను కొంత తగ్గించాయి గానీ, ఒక్క లైను పనికి నాలుగైదు లైన్ల సరంజామా తప్పలేదు. మైక్రోసాఫ్ట్ తన జే ప్లస్ ప్లస్‌లో మెథడ్‌ను నేరుగా అప్పగించే డెలిగేట్లను తెస్తే, జావా యజమాని సన్ మైక్రోసిస్టమ్స్ ఒప్పుకోలేదు, ఇన్నర్ క్లాసులే చాలునంది. డెలిగేట్లు ఆ తర్వాత సీ షార్ప్‌లో స్థిరపడ్డాయి.

2006 నాటికి వివాదం జావా పెద్దల మధ్యకే వచ్చింది. బ్రాచా, గాఫ్టర్, గోస్లింగ్, ఆహే కలిసి భాషలోకి ఫంక్షన్ టైపులనే తేవాలన్నారు. బాబ్ లీ, డగ్ లీ, జాషువా బ్లాక్ అంత దూరం వెళ్లలేదు. పేరులేని క్లాసుల రాతను కుదిస్తే చాలన్నారు. సన్ సంస్థ 2010లో ఒరాకిల్ వశమయ్యాక, బ్రయాన్ గెట్జ్ నాయకత్వంలో జేఎస్ఆర్ 335 బృందం ఈ చిక్కును తేల్చింది. కొత్త ఫంక్షన్ టైపులు వద్దు, ఒకే అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఉన్న ఇంటర్‌ఫేసే పేరులేని చిన్న ఫంక్షన్ అయిన లాంబ్డాకు టైపు అవుతుంది. పిరికి నిర్ణయంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో జావా చరిత్రలో ఇంత దూరదృష్టి గలవి తక్కువ. 2014 మార్చి 18న జావా 8 విడుదలయ్యేసరికి, ఏనాడో రాసిన రన్నబుల్, రెండు విలువలను పోల్చే కంపారేటర్ తమ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ మారకుండానే లాంబ్డాలను స్వీకరించే అర్హత పొందాయి.

కంపారేటర్‌లో కంపేర్‌తో పాటు ఈక్వల్స్ కూడా ప్రకటించి ఉంది కదా, రెండు మెథడ్లు కావా? ఈక్వల్స్ ఆబ్జెక్ట్ క్లాసు నుంచి ప్రతి ఆబ్జెక్టుకూ ఎలాగూ సంక్రమించేదే గనుక లెక్కలోకి రాదు. శరీరంతో వచ్చే డిఫాల్ట్ మెథడ్లూ అంతే. అందుకే రివర్స్డ్ వంటివి చేరినా కంపారేటర్ అర్హత చెడలేదు. ఫంక్షనల్ ఇంటర్‌ఫేస్ అనే యానొటేషన్ తప్పనిసరి కాదు. రెండో అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ చొరబడితే కంపైలర్ చేత ఆపించడానికే అది.

ఈ ఎంపికకు మూల్యమూ ఉంది. ఇంట్, లాంగ్, డబుల్‌లకు విడివిడి రూపాలు అవసరమై, జావా 8 ఫంక్షన్ ప్యాకేజీలో ఇంటర్‌ఫేస్‌లు 43కు చేరాయి. అన్ని ఉన్నా, మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్‌కు అందులో చోటు లేదు. కావలసినవారు సొంతంగా రాసుకోవలసిందే.