ఎత్తైన అగ్నిపర్వతములు – ఎక్కుటకు పట్టు దినములు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలకు నడిగడ్డ యని పేరు. ఈ నడిగడ్డలో, గద్వాల ప్రాంతమున, భూవిజ్ఞానులు పచ్చని ఛాయగల ప్రాచీన శిలల పట్టీ నొకదానిని గుర్తించియున్నారు. అందలి శిలలలో పెక్కు, సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము అగ్నిపర్వతములనుండి వెలువడిన లావా గడ్డకట్టగా ఏర్పడి, పిమ్మట వేడిమికిని ఒత్తిడికిని లోనై మార్పుచెందినవి. ఆ పర్వతములు ఏనాడో అరిగి నేలమట్టమైనవి. నేడు ఎత్తైన అగ్నిపర్వతము నెక్కగోరు తెలుగువాడు ఆఫ్రికాకో, కాకసస్ పర్వతములకో, దక్షిణ అమెరికాకో పోవలసినదే. కొందరు పోయిరి కూడ.

అట్టి యాత్రలన్నిటను ఒక వింత కనబడును. ఆఫ్రికాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. వాడుకలోనున్న మచామే దారిలో ద్వారమునుండి శిఖరమునకు నడక సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. త్రాళ్ళు, మేకులు అక్కరలేదు. చేనిపనికి అలవాటుపడిన రైతు రెండు దినములలో నడచు దూరమిది. అయినను యాత్రికుని గైడు ఆరేడు దినములు నడిపించును. మధ్యలో ఎక్కిన ఎత్తునుండి మరల క్రిందికి దింపును. త్వరపడువానిని వారించును. ఇది ఎందులకు?

మానవపాడు సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట ఒక బారోమీటరు నుంచినచో పాదరసము సుమారు 730 మిల్లీమీటర్ల వద్ద నిలుచును. సముద్రతీరమున 760. ఈ స్వల్పభేదము మన కెవ్వరికిని తెలియదు. అదే బారోమీటరును కిలిమంజారో శిఖరమునకు గొనిపోయినచో పాదరసము దాదాపు సగమునకు దిగును. పైకి పోయినకొలది గాలిలో ఆమ్లజని పాలు తగ్గునని విద్యార్థులు పరీక్షలలో తరచు వ్రాయుదురు. అది సరికాదు. నూటికి 21 పాళ్ళు ఆమ్లజని అచ్చటను ఇచ్చటను ఒక్కటే. తగ్గునది గాలి ఒత్తిడి. ఒత్తిడి సగమైనపుడు ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులలోనికి పోవు ఆమ్లజనియు సగమే యగును.

నేడు పాఠశాలలో అయిదు నిమిషములలో చెప్పదగిన ఈ విషయము తెలియుటకు చాలకాలము పట్టినది. దక్షిణ అమెరికాలోని ఇన్కా ప్రజలు దీని కారణము నెరుగకయే, 6,739 మీటర్ల ఎత్తుగల యుయాయాకో అను అగ్నిపర్వతము నెక్కి, సుమారు 500 సంవత్సరములకు పూర్వము అచ్చట ముగ్గురు బాలలను బలియిచ్చిరి. చలివలన చెడక నిలిచిన ఆ దేహములు 1999లో శిఖరము చెంత బయల్పడినవి. స్పెయిను మతాచార్యుడు అకోస్తా 1590లో ప్రకటించిన గ్రంథమున ఆండీస్ కనుమలలో కలుగు వాంతులను, నీరసమును వర్ణించి, అచ్చటి గాలి మనుష్యుని శ్వాసకు తగనంత పలుచనిదని ఊహించెను.

1802 జూన్ 23న జర్మను శాస్త్రజ్ఞుడు హంబోల్టు, మిత్రులు బోన్‌ప్లాండు, మోంతూఫార్‌లతో గూడి ఈక్వడారులోని చింబొరాజో నెక్కబూనెను. అది 6,263 మీటర్ల అగ్నిపర్వతము. అప్పటికి లోకములో అదియే అన్నిటికంటె ఎత్తైన పర్వతమని పలువురి నమ్మకము. వెంట వచ్చిన స్థానికులలో ఒకడు తప్ప తక్కినవారు దారిలోనే వెనుదిరిగిరి. కడుపులో త్రిప్పట, తల తిరుగుట, పంటి చిగుళ్ళనుండి రక్తము – వీటినన్నిటిని హంబోల్టు బారోమీటరు లెక్కలతో పాటు వ్రాసికొనెను. ఒక లోతైన అగాధము అడ్డురాగా శిఖరము చేరకయే దిగివచ్చిరి. అయినను వారు సుమారు 5,800 మీటర్లు దాటిరి. ఆ కాలమునకు అది గొప్ప ఎత్తు. వారు అంత పోగలుగుటకు ఒక కారణము కలదు: అంతకు ముందు నెలల తరబడి 2,850 మీటర్ల ఎత్తునగల కీటో నగరమున నివసించి, చుట్టునున్న పర్వతములు ఎక్కుచుండిరి. దాని విలువ అప్పుడెవరికిని తెలియదు.

1829లో రష్యా విజ్ఞానపరిషత్తు పంపిన బృందము కాకసస్ లోని ఎల్బ్రస్ వద్దకు పోయినది. విద్యుత్తు పాఠములలో లెంజ్ నియమమును చదివినవారికి తెలిసిన లెంజ్ ఆ బృందములో నుండెను. ఆయనయు శిఖరము చేరకయే మరలెను. తూర్పు శిఖరముపై మొదట నిలిచినవాడు వారికి దారిచూపిన కిలార్ ఖషీరోవ్ అను స్థానికుడు. శాస్త్రజ్ఞుల పేర్లు పుస్తకములలో నిలిచినవి గాని, ఆ దినమున పర్వతమును జయించినది గైడే.

కారణమును ప్రయోగముచే నిరూపించినవాడు ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్. గాలిని తోడివేయదగిన ఇనుపగదిలో జంతువులను, తుదకు తన్ను తానే యుంచుకొని, బాధకు మూలము ఆమ్లజని ఒత్తిడి తగ్గుటయే యని 1878లో ప్రకటించెను. అయినను ఆ మరుసటి సంవత్సరాంతమున చింబొరాజోకు పోయిన ఆంగ్లేయుడు విమ్పరునకు ఆ జ్ఞానము అంతగా తోడ్పడలేదు. ఆల్ప్స్ పర్వతములలో పేరుపొందిన గైడులు ఇరువురు, కరెల్ వంశీయులు, ఆయన వెంట నుండిరి. సుమారు 5,000 మీటర్ల వద్ద గుడారము వేసిన కొద్దిసేపటికే ముగ్గురును తలనొప్పితో, జ్వరముతో నేలకొరగిరి. వారితోనున్న పెర్రింగు అనునతడు మాత్రము వారంతగా బాధపడలేదు. అతడు వారికంటె బలహీనుడు! అయితే అతడు ఈక్వడారులోనే నివసించుచుండినవాడు. కొన్ని దినములు అక్కడనే పడియుండిన పిమ్మట ముగ్గురును తేరుకొనిరి. 1880 జనవరి 4న విమ్పరును కరెల్ ద్వయమును శిఖరము చేరిరి. బలము చేయలేని పనిని కాలము చేసినది.

ఆ దినములలో దేహమున జరుగుచున్నదేమి? ఆమ్లజని కొరతను గుర్తించిన వెంటనే శ్వాస వేగమగును. దానితో రక్తములోని బొగ్గుపులుసు వాయువు అధికముగ వెలికిపోయి, రక్తమునకు క్షారగుణము హెచ్చును. ఆ క్షారగుణమే మరల శ్వాసను అణచివేయును. రాత్రి నిద్రలో యాత్రికుడు ఊపిరి నిలిచినట్లు ఉలికిపడి లేచుట ఈ పెనుగులాట ఫలితమే. అప్పుడు మూత్రపిండములు పనికి పూనుకొని, రక్తములోని బైకార్బొనేటును మెల్లమెల్లగ మూత్రముద్వారా వెడలించును. ఇందులకు కొన్ని దినములు కావలెను. పిక్కల బలమెంతయున్నను మూత్రపిండములను తొందరపెట్టుట సాధ్యము కాదు. ఎర్రకణములు తగినంత పెరుగుటకైతే వారములే పట్టును.

త్వరపడినవానికి మొదట తలనొప్పి, వాంతి కలుగును. ఇవి స్వల్పములే. కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరి, కూర్చుండినను ఆయాసము తీరదు. మరికొందరికి మెదడు ఉబ్బి, త్రాగినవానివలె తూలుచు నడచుదురు. రెండును ప్రాణాంతకములే. రెండింటికిని మొదటి చికిత్స వెంటనే క్రిందికి దింపుట. ఇచ్చట గమనింపవలసిన విషయమొకటి కలదు. మెదడు చెడిన మనుష్యుడు తనకు ఏమియు కాలేదనియే చెప్పును. తన స్థితిని తాను తూచుకొను సాధనమే వానికి లోపించినది గదా! కావున రెండవవాని కన్ను అవసరమగును.

కిలిమంజారో చరిత్ర ఈ దృష్టితో చూడదగినది. 1848లో రెబ్మాన్ అను మతబోధకుడు భూమధ్యరేఖకు చేరువలో మంచుకొండ కలదని వ్రాయగా లండనులో కొందరు పండితులు అపహసించిరి. జర్మను భూగోళజ్ఞుడు హాన్స్ మేయరు 1887లో ఎక్కబూని మరలెను. 1888లో తీరప్రాంతపు తిరుగుబాటులో చిక్కి బందీయయ్యెను. 1889లో మరల వచ్చెను. ఈమారు ఆయన చేసిన ఏర్పాటు వేరు. వేర్వేరు ఎత్తులలో మకాములు నిలిపి, క్రిందినుండి కూలీలు ఆహారము మోసి తెచ్చునట్లు కుదిర్చెను. అందుచే ఒక ప్రయత్నము తప్పినను కొండ దిగిపోవలసిన పని లేకపోయెను. అక్టోబరు 3న ఆయనయు ఆస్ట్రియా దేశపు పుర్ట్‌షెల్లరును అగ్నిబిలపు అంచువరకు పోయి, ప్రొద్దుచాలక దిగిరి. 6న శిఖరము చేరిరి. పై మకామున వారికి వంటచేసిపెట్టిన ఆఫ్రికా కూలీ ఒకడును, క్రిందినుండి మూటలు మోసినవారును లేనిదే ఆ రెండవ ప్రయత్నమే యుండదు.

నేటి గైడులు మేయరు మకాములనే దినచర్యగ మార్చిరి. మచామే దారిలో నడక 1,800 మీటర్ల వద్ద మొదలై, తొలిరాత్రి సుమారు 2,850 మీటర్ల వద్దను, రెండవరాత్రి 3,800 మీటర్ల వద్దను గడచును. మూడవనాడు లావా టవరు అను గడ్డకట్టిన లావా స్తంభమువరకు, అనగా 4,600 మీటర్లకు ఎక్కించి, సాయంకాలమునకు 3,950 మీటర్ల లోయలోనికి దింపుదురు. పగలు ఎత్తునకు పోయి రాత్రి పల్లమున పండుకొనవలెనను సూత్రమున కిదియే ఉదాహరణము. ఆ పిమ్మట రెండు మకాములు. తుది మకాము బరాఫు. ఆ స్వాహిలీ మాటకు మంచు అని యర్థము. అర్ధరాత్రి వేళ బయలుదేరుదురు. బూడిద, గులకరాళ్ళు గడ్డకట్టియుండి అప్పుడు కాలు జారదు. దారి పొడుగునను గైడు పలుకు మాట ‘పోలే పోలే’ – మెల్లగా, మెల్లగా. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు ఎత్తును దినమునకు సుమారు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. ఆ లెక్కకు కిలిమంజారో యాత్ర ఇప్పటికిని తొందరదే. అయిదు దినముల యాత్ర చౌకయని ఎంచుకొనువారు చేయు ఆదా ఏపాటిదో విద్యార్థులే లెక్కకట్టవచ్చును.

తెలంగాణమున గిరిజన, దళిత బాలబాలికలకు ఈ విద్య భువనగిరి గుట్టపై మొదలైనది. అది ఏకశిల, అచ్చట అపాయము కంటికి కనబడును. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అచ్చట నేర్చి, డార్జిలింగులోను లడఖులోను శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకముందే, ఎవరెస్టు నెక్కినది. ఖమ్మం ప్రాంతపు ఆనందకుమార్ ఆమెతో నుండెను. పూర్ణ పిమ్మట 2016లో కిలిమంజారోను, 2017లో ఎల్బ్రస్‌ను ఎక్కినది. అగ్నిపర్వతముల వాలు భువనగిరి బండవలె భయపెట్టదు. ఎల్బ్రస్‌పై తీగమార్గము మనుష్యులను కూర్చుండబెట్టి సుమారు 3,800 మీటర్లకు చేర్చును. మూత్రపిండములకు తెలియకముందే మనిషి పైనుండును!

ఈ లెక్కలను మిక్కిలి చక్కగ వాడుకొన్న తెలుగువాడు మల్లి మస్తాన్ బాబు. 1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘము గ్రామమున జన్మించి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఇంజనీరై, కలకత్తాలో నిర్వహణశాస్త్రము నభ్యసించెను. 2006 జనవరి 19 మొదలు జులై 10 వరకు, 172 దినములలో, ఏడు ఖండముల ఎత్తైన శిఖరముల నెక్కెను. ఆ వరుసను చూడుడు: 6,961 మీటర్ల అకాంకాగువా ఫిబ్రవరి 17న, కిలిమంజారో మార్చి 15న, ఎవరెస్టు మే 21న, ఎల్బ్రస్ జూన్ 13న. ఎత్తున సంపాదించిన అలవాటు కొన్ని వారములపాటు క్రమముగ తరుగుచు నిలుచును. పెద్ద శిఖరమునుండి దిగిన 26 దినములకు ఒక అగ్నిపర్వతమును, 23 దినములకు వేరొకదానిని ఎక్కిన ఆయనకు ఆ మిగులు ఉపకరించియే యుండును.

ఆండీస్ పర్వతములు ఆయనకు చిరపరిచితములు. అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున, అటకామా ఎడారి పీఠభూమిపై, ఓహోస్ దెల్ సలాదో అను లోకములో అన్నిటికంటె ఎత్తైన అగ్నిపర్వతము కలదు. ఎత్తు 6,893 మీటర్లు. దానిని 1937లో పోలండు బృందమొకటి మొదట ఎక్కినది. సమీపముననున్న ట్రెస్ క్రూసెస్ దక్షిణ శిఖరమును కూడ, 6,748 మీటర్లది, ఆ బృందమే ఆ యేడే ఎక్కినది. ఆ సీమలో వర్షము లేదు, చెట్టు లేదు. ఎండిన గాలి నిరంతరము వీచుచుండును. మార్చి కడపట అచ్చటి వేసవి ముగియును.

2015 మార్చి 24న మస్తాన్ బాబు సహచరులను విడిచి ఒంటరిగ ట్రెస్ క్రూసెస్ దక్షిణ శిఖరమువైపు బయలుదేరెను. వాతావరణము చెడినది. ఆయన మకామునకు తిరిగి రాలేదు. గాలింపు జరిపినవారికి ఏప్రిలు మొదటి వారమున ఆయన దేహము పర్వతముపై కనబడినది. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరములు.